పిల్లల మండలి పేరుకే మిగిలిందా? లోపం ఎక్కడుందో చూద్దాం

బడిలో పిల్లలు తమలోంచి ఎన్నుకునే పిల్లల మండలికి ఎన్నికలు బాగానే జరిగాయి. బ్యాడ్జీలు పెట్టారు, ఫొటోలు తీశారు. రెండు నెలలు తిరిగేసరికి మండలి ఉందన్న సంగతే అందరూ మర్చిపోయారు. అప్పుడు వినిపించే మాట ఒకటే: "చిన్నపిల్లలు కదండీ, వాళ్లకేం తెలుసు?"

కొన్నేళ్లుగా ప్రైమరీ పిల్లల మండలితో కూర్చుంటున్నాను. లోపం పిల్లల్లో కనబడింది చాలా తక్కువ. మనం మండలిని నడిపే తీరులోనే ఎక్కువ. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, 12వ అధికరణంలో, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఇచ్చింది. వయసును, పరిణతిని బట్టి ఆ మాటకు విలువ ఇవ్వాలంది. దానికి కనీస వయసు మాత్రం పెట్టలేదు.

ప్రతిసారీ ఆ నలుగురే గెలుస్తున్నారు

బాగా చదివేవాళ్లు, గట్టిగా మాట్లాడేవాళ్లు, నలుగురికీ నచ్చేవాళ్లు. ఓటు వేసే పిల్లలకు ఆ పని ఏమిటో చెప్పకపోతే, స్నేహితుడికే వేస్తారు. పైగా చేతులెత్తించి ఓట్లు లెక్కపెడితే పక్కవాణ్ణి చూసి చెయ్యెత్తుతారు.

ఎన్నికకు వారం ముందే తరగతిలో ఒక ప్రశ్న వేయండి: "మన మాట మర్చిపోకుండా అక్కడ చెప్పి, అక్కడి మాట మళ్లీ మనకు తెచ్చేది ఎవరు?" ఎవరు ఎన్నికవ్వాలన్న చర్చ దానితోనే మారిపోతుంది. ఓటు రహస్యంగా ఉండాలి. చదవడం రాని ఆరేళ్లవాళ్లకు అభ్యర్థికో బొమ్మ, బొమ్మకో డబ్బా పెట్టి, ముందు తెర కట్టండి. తరగతికి ఇద్దరు చొప్పున, ఏడాదికి బదులు సగం ఏడాదికే ఎన్నుకుంటే ఎక్కువమందికి అవకాశం వస్తుంది. నడవలేని, సరిగా మాట్లాడలేని పిల్లలు ఒక్కరూ పోటీలో లేకపోతే, వాళ్లకు ఇష్టం లేదనుకోకండి. నువ్వూ నిలబడొచ్చని ఎవరైనా చెప్పారా అని ముందు కనుక్కోండి.

సమావేశంలో నోరు విప్పరు

హెడ్మాస్టరు కుర్చీలో, పిల్లలు బెంచీల మీద. పెద్దలు ముందు మాట్లాడతారు, తర్వాత ఐదో తరగతివాళ్లు, చివర్లో "మీరేమైనా చెప్తారా?" అని రెండో తరగతి వైపు చూస్తారు. అప్పటికి వాళ్లకు మిగిలేది తల ఊపడమే.

అందరూ నేల మీద గుండ్రంగా కూర్చోండి. చిన్న తరగతివాళ్లు ముందు మాట్లాడాలి. చర్చించే విషయం ఒకరోజు ముందే తెలిస్తే తరగతిలో అడిగి వస్తారు. అరగంట మించొద్దు. మాట రానివాళ్లు బొమ్మ గీసి చూపొచ్చు. ఆట, హావభావాలు, బొమ్మలు కూడా పిల్లల అభిప్రాయాలేనని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఇచ్చిన వ్యాఖ్యానంలో స్పష్టంగా రాసింది.

ఎప్పుడూ ఆట సామాన్లే అడుగుతున్నారు

"మీకేం కావాలి?" అని అడిగితే వచ్చే జవాబు అదే. ప్రశ్న మార్చండి. ఇంకా మంచిది, మండలిని వెంటబెట్టుకుని బడంతా ఒకసారి తిరగండి. ఎక్కడ భయమేస్తుంది, ఎక్కడ ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంది, ఏది అందదు అని అడగండి.

అలా తిరుగుతున్నప్పుడు ఒక మూడో తరగతి పాప అమ్మాయిల బాత్రూమ్ తలుపు దగ్గర ఆగింది. లోపలికెళ్లి మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపింది. వేళ్లకూ గడియకూ మధ్య జానెడు దూరం. "అందదు టీచర్. అందుకే ఇద్దరం వస్తాం. ఒకళ్లం తలుపు పట్టుకుంటాం." కబుర్లు చెప్పుకోవడానికే ఇద్దరిద్దరుగా బయటికెళ్తున్నారని అంతవరకూ ఆ పిల్లల్ని మేం కోప్పడేవాళ్లం. ఆ తలుపు దగ్గర నిలబడి ఆ పాపకు క్షమించమని చెప్పాను. గడియ కిందికి దించడానికి ఒక స్క్రూడ్రైవరు, పావుగంట సరిపోయాయి.

మొదట్లో ఉత్సాహం, తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు

ఎక్కువ మండళ్లు చచ్చిపోయేది ఇక్కడే. పిల్లలు అడిగారు, మనం రాసుకున్నాం, ఆ తర్వాత ఏమైందో వాళ్లకు తెలియలేదు. ఒకసారి సలహాల పెట్టె పెట్టాం. తెరవడం వారం వారం వాయిదా పడింది. ఒక పిల్లాడు రోజూ వచ్చి "నా చీటీ చదివారా టీచర్?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. పెట్టె తెరిస్తే అడుగున వాడి చీటీలే మూడున్నాయి. మూడింట్లోనూ ఒకటే మాట.

పరిశోధకురాలు లారా లుండీ 2007లో, 12వ అధికరణం అమలవ్వాలంటే నాలుగు ఉండాలని చెప్పారు: మాట్లాడే చోటు, మాట్లాడే వీలు, వినాల్సినవాళ్లు వినడం, విన్న మాట నిర్ణయం మీద ప్రభావం చూపడం. మన బడుల్లో మొదటి రెండింటికీ ఎంతో కొంత ఏర్పాట్లు ఉంటాయి. మిగతా రెండింటి దగ్గరే ఆగిపోతాం. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2005లో నియమాలు చేసి, ప్రభుత్వ నిధులతో నడిచే ప్రైమరీ, సెకండరీ, ప్రత్యేక బడుల్లో మండలిని తప్పనిసరి చేశారు. ఏడాదికి కనీసం ఆరుసార్లు కూర్చోవాలని, మండలి చెప్పినదానికి హెడ్మాస్టరూ పాలకవర్గమూ జవాబివ్వాలని అందులో రాశారు. జవాబివ్వడం దయ కాదు, బాధ్యత అని తేల్చిన మాట అది.

మీరు చేయాల్సిందల్లా గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించడం. మూడు గళ్లు: ఏం అడిగారు, ఎవరు చూస్తారు, ఏమైంది. మూడో గడి రెండు వారాలు మించి ఖాళీగా ఉండకూడదు. "ఇంకా చూస్తున్నాం, వచ్చే సోమవారం చెప్తాం" అన్నా సరే. కుదరదంటే కుదరదని, ఎందుకో కూడా రాయండి. కారణం తెలిస్తే "కాదు" అన్న మాటను పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. ప్రతి సమావేశం తర్వాత సభ్యులు తమ తరగతిలో మాట్లాడటానికి టైంటేబుల్లోనే పది నిమిషాలు కేటాయించండి. ఆ పది నిమిషాలు లేకపోతే మిగతావన్నీ దండగే.

గడియ విషయం ఆ కాగితంలో "కిందికి దించాం" అని ఎక్కిన వారం, మూడో తరగతి నుంచి ఒకేసారి నాలుగు కొత్త విషయాలు వచ్చాయి.

మండలి సభ్యులు పోలీసులైపోయారు

అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, వరసలు సరిచేయడం. ఇది వాళ్లు కోరుకున్నది కాదు, మనం అంటగట్టిన పని. ఆ రోజు నుంచి తోటిపిల్లలు వాళ్లతో ఏదీ మనసు విప్పి చెప్పరు. ఆ పని మొత్తంగా తీసేయండి. పోలండ్‌లోని వార్సాలో 1912లో మొదలైన అనాథాశ్రమంలో, దాన్ని నడిపిన వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్ పిల్లల న్యాయస్థానం నడిపించారు. దాని ముందు పెద్దలూ నిలబడాల్సిందే. ఆయన మీద కూడా అక్కడ కేసులు నడిచాయి. అధికారం పిల్లల మీదికే కాక పెద్దల వైపు కూడా తిరిగింది కాబట్టే దానికి అర్థం ఉంది.

టీచర్లకు ఇబ్బందిగా ఉంది

"మా మీద ఫిర్యాదులు చేయిస్తున్నారు" అంటారు. ఆ బాధ అర్థం చేసుకోదగిందే. మండలిలో మనుషుల పేర్లు ఎత్తకూడదు, పద్ధతుల గురించే మాట్లాడాలి అని మొదటి రోజే చెప్పండి. కానీ ఒక బిడ్డకు ఎవరైనా హాని చేస్తున్నారన్న మాట వస్తే అది అజెండా విషయం కాదు. అక్కడితో ఆపి, ఆ బిడ్డను పక్కకు తీసుకెళ్లి వినండి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. బాలల రక్షణ చూసే బాధ్యత ఎవరిదో వాళ్లకు అదే రోజు తెలియజేయండి.

కొత్త మండలి వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికే

పాత సభ్యుల దగ్గరున్నది కొత్తవాళ్లకు అందలేదు. ఒక నోటుపుస్తకం పెట్టి, దిగిపోయేవాళ్లు కొత్తవాళ్ల పక్కన ఒక సమావేశం కూర్చుని, మూడో గడి ఇంకా నిండని వాటిని ఒక్కొక్కటిగా చదివి అప్పగించాలి.