మన ఇంగ్లీషు – ఆరో పాఠం: ఒక్క ‘నుంచి’కి మూడు మాటలు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సరిచూసుకుందాం. ‘నాకు ఇద్దరు అన్నయ్యలు’ అన్నదానికి ‘ఐ హావ్ టూ ఎల్డర్ బ్రదర్స్’ అని రాస్తే సరిగ్గా రాసినట్టే. ‘ఐ యామ్ హావింగ్’ అని రాసినవాళ్లు ఐదో పాఠం ఇంకోసారి చదవండి. దాంతో ఇవాళ కూడా పని పడుతుంది.

మా సాయంత్రం క్లాసుకి వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు చూసే కుర్రాడు వచ్చేవాడు. ఇంటర్వ్యూ ప్రాక్టీసులో తన గురించి చెప్పమన్నాను. ‘ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్. ఐ యామ్ వర్కింగ్ ఇన్ విజయవాడ ఫ్రమ్ సిక్స్ ఇయర్స్’ అన్నాడు. మొదటి వాక్యం చక్కగా ఉంది. రెండోదాంట్లో రెండు తప్పులున్నాయి. అతని తెలివికి వంక పెట్టడానికి లేదు. గుంటూరు నుంచి, ఆరేళ్ల నుంచి అని తెలుగులో రెండుచోట్లా ఒకే మాట అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ ఒకే మాట పెట్టాడు. మనలో చాలామంది చేసే పొరపాటే ఇది.

ఇంగ్లీషువాళ్లు ఆ ‘నుంచి’ని ఫ్రమ్, సిన్స్, ఫర్ అని మూడు ముక్కలు చేసుకున్నారు. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే తాళంచెవి తెలుగులోనే ఉంది. వాక్యం మాట్లాడే ముందు మనసులో ఒక ప్రశ్న వేసుకోండి.

‘ఎక్కడి నుంచి?’ అని అడిగితే జవాబు వచ్చేచోట ఫ్రమ్. ‘ఎప్పటి నుంచి?’ అంటే జవాబు వచ్చేచోట సిన్స్. ‘ఎన్నాళ్ల నుంచి, ఎంతసేపటి నుంచి?’ అంటే జవాబు వచ్చేచోట ఫర్.

మన కుర్రాడి వాక్యానికి పెట్టి చూడండి. ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నాడు? ఆరేళ్ల నుంచి. కాబట్టి ‘ఫర్ సిక్స్ ఇయర్స్’. అదే ఎప్పటి నుంచి అని అడిగితే ‘2019 నుంచి’ అంటాడు, అది ‘సిన్స్ 2019’. సిన్స్ పక్కన పని మొదలైన క్షణం ఉంటుంది. ఫర్ పక్కన గడిచిన కాలం కొలత ఉంటుంది. ‘సిన్స్’ అన్నది పాత ఇంగ్లీషులో ‘ఆ తర్వాత’ అనే అర్థమున్న మాటలోంచి పుట్టింది. ‘ఆరేళ్లు తర్వాత’ అంటే అర్థం మారిపోతుంది కదా! ‘సిన్స్ సిక్స్ ఇయర్స్’ ఎందుకు అతకదో దీన్నిబట్టి గుర్తుపెట్టుకోవచ్చు. ఫ్రమ్ తప్పని తెలుసుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఫ్రమ్ తీసేసి అన్నిచోట్లా సిన్స్ పెట్టేస్తారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో ఒకాయన గుంటూరు బస్సు కోసం నిలబడి ఫోన్‌లో ‘ఐదు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను’ అన్నాడనుకోండి. ఆయన సాయంత్రం ఐదింటికి వచ్చాడా, లేక ఐదు గంటలసేపు నిలబడే ఉన్నాడా? ఆ వాక్యం ఒక్కటే వింటే చెప్పలేం. ‘ఐదింటి నుంచి’ అని ఉంటే అనుమానం ఉండేది కాదు. ఇంగ్లీషులో మాత్రం ఈ అనుమానానికి చోటు లేదు. ‘సిన్స్ ఫైవ్ ఓ క్లాక్’ అంటే ఐదింటికి వచ్చాడు, ‘ఫర్ ఫైవ్ అవర్స్’ అంటే ఐదు గంటలు గడిచాయి. అంకె కనబడగానే ఆగి, అది గడియారం చూపించే టైమా, గడిచిపోయిన కాలమా అని చూసుకోండి. ఈ ఒక్క అలవాటుతో సగం తప్పులు పోతాయి.

కుర్రాడి రెండో తప్పు క్రియలో ఉంది. మనం ‘ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అంటాం, ‘ఇప్పుడు పనిచేస్తున్నాను’ అని కూడా అంటాం. తెలుగులో క్రియ మారదు. ఇంగ్లీషులో మారుతుంది. ఇప్పటి సంగతి మాత్రమే అయితే ‘ఐ యామ్ వర్కింగ్’. వెనక ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతుంటే ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’. అంటే అతను చెప్పాల్సింది: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ విజయవాడ ఫర్ సిక్స్ ఇయర్స్.’ మాట్లాడేటప్పుడు ‘ఐ హావ్’ని కలిపి ‘ఐవ్’ అంటారు. ‘బీన్’ని సాగదీయక్కర్లేదు, పొట్టిగా ‘బిన్’ అన్నా చాలు. పది సార్లు పైకి అనండి. మనసులో అనుకుంటే నోరు తిరగదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఎప్పటి నుంచి అన్న ప్రశ్నకు తేదీ జవాబుగా ఉంది, పని ఆగలేదు. కాబట్టి ‘ఆలిండియా రేడియో హాజ్ బీన్ బ్రాడ్‌కాస్టింగ్ ఫ్రమ్ విజయవాడ సిన్స్ 1948’. ఇందులో ఫ్రమ్ ఊరికి, సిన్స్ సంవత్సరానికి ఎలా అతికాయో చూడండి.

మరి కాలానికి ఫ్రమ్ ఎప్పుడూ రాదా అంటే, వస్తుంది. మొదలూ చివరా రెండూ చెప్పేటప్పుడు వస్తుంది. ఆంధ్ర రాష్ట్రం ఉన్న రోజుల్లో హైకోర్టు 1954 నుంచి 1956 వరకు గుంటూరులో ఉండేది. ‘ది హైకోర్ట్ వాజ్ ఇన్ గుంటూర్ ఫ్రమ్ 1954 టు 1956.’ ఆ కథ ముగిసింది కాబట్టి ‘వాజ్’ చాలు, ‘హాజ్ బీన్’ పెట్టకూడదు. ఇంకా రాని రోజుకీ ఫ్రమ్ పెట్టవచ్చు: ‘ఫ్రమ్ మండే’ అంటే వచ్చే సోమవారం నుంచి. రాబోయేదానికి సిన్స్ రానే రాదు.

పోయిన పాఠంతో పని పడుతుందన్నాను కదా. తెలియడం, కలిగి ఉండటం లాంటి క్రియలకు ఇక్కడా ‘ఇంగ్’ చేర్చరు. ‘ఆయన నాకు పదేళ్ల నుంచి తెలుసు’ అన్నది ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ అవుతుంది. ‘బీన్ నోయింగ్’ అనకూడదు.

‘ఫ్రమ్ సిక్స్ ఇయర్స్’ అంటే మనవాళ్లకు అర్థమవుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. బజార్లో, ఆఫీసులో దానివల్ల పని ఆగదు. కానీ ఉద్యోగం దరఖాస్తులో మొదటి పేరాలోనే మన అనుభవం ఎన్నేళ్లో రాస్తాం. చదివేవాళ్ల కన్ను ముందు పడేది అక్కడే. అందుకే ఈ ఒక్క మాటకి పాఠం మొత్తం ఇచ్చాను. దరఖాస్తు టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఇంకేం చదవకపోయినా ఇది చదవండి.

వచ్చే పాఠానికి ఈ ఐదు వాక్యాలు ఇంగ్లీషులో రాసి ఉంచండి. నాన్నగారికి మూడు రోజుల నుంచి జ్వరంగా ఉంది. మా అక్క 2019 నుంచి 2022 వరకు గుంటూరులో చదివింది. వాళ్లు పెళ్లయినప్పటి నుంచి బెంజ్ సర్కిల్ దగ్గరే ఉంటున్నారు. వచ్చే నెల నుంచి నేను రైల్లో వెళ్లొస్తాను. పది గంటల నుంచి వాన పడుతోంది.

ఆఖరి వాక్యానికి రెండు జవాబులు రాయాలి.