క్రూయిజ్ టికెట్ కొనేముందు ఓడను పరిశీలించే పద్ధతి

అమెరికాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను మయామి నుంచి కరీబియన్ దీవులకు క్రూయిజ్‌లో తీసుకువెళ్లడం మన ఇళ్లలో ఇప్పుడు మామూలైంది. ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి బంధువులు నన్ను అడుగుతుంటారు: "పర్యావరణహితమైన ఓడ అని ప్రకటించారు, నమ్మవచ్చా?" ప్రకటన పక్కన పెట్టి ఓడనే చూడమంటాను. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. రేవులో ఆగినప్పుడు ఆ ఓడ ఇంజిన్లు ఆపగలదా?

ముందుగా ఓడ పేరు, దాని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు రాసుకోండి. పేరు మారినా, యజమాని మారినా ఆ ఏడంకెల నంబరు మారదు. దానితో వెతికితే ఓడ ఎప్పుడు, ఏ యార్డులో తయారైందో తెలుస్తుంది. 2022లో విశాఖపట్నం వచ్చిన కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్ యార్డులో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో పుట్టింది. కొత్త రంగు వేసినంత మాత్రాన ఓడ వయసు తగ్గదు.

తర్వాత ఇంధనం చూడండి. జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో మేయర్ వెర్ఫ్ట్ యార్డు 2018 డిసెంబరులో ఐడానోవాను అప్పగించింది. సముద్రంలోనూ రేవులోనూ ఎల్‌ఎన్‌జీతోనే నడవగల తొలి క్రూయిజ్ నౌక అదే. మయామి నుంచి తిరిగే ఐకాన్ ఆఫ్ ద సీస్ కూడా ఎల్‌ఎన్‌జీ ఓడే. అది 2023లో ఫిన్లాండ్‌లోని టుర్కులో పూర్తయింది. ఎల్‌ఎన్‌జీ అంటే మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు. గంధకం దాదాపు ఉండదు, మసి బాగా తగ్గుతుంది. డెక్ మీద కూర్చునే పెద్దవాళ్లకూ, రేవు పక్కన కాపురముండేవారికీ ఇది నిజమైన మేలు.

వాతావరణం లెక్క మాత్రం వేరు. ఇంజిన్‌లోకి వెళ్లిన గ్యాసులో కొంత మండకుండానే పొగగొట్టం నుంచి బయటపడుతుంది. అది మీథేన్. ఈ రకం ఇంజిన్లకు యూరోపియన్ యూనియన్ నిబంధనలు వేసుకున్న అంచనా 3.1 శాతం. అంటే టన్ను గ్యాసుకు 31 కిలోలు. 20 ఏళ్ల వ్యవధిలో చూస్తే మీథేన్ వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లకు పైనే. ఆ 31 కిలోలు దాదాపు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమవుతాయి. టన్ను గ్యాసు మండితే నేరుగా వచ్చేది సుమారు 2.75 టన్నులు. కనుక 'ఎల్‌ఎన్‌జీ' అన్న మాట ఒక్కటే చూసి తృప్తిపడకండి.

పైగా ఇంజిన్ మీద భారం తగ్గేకొద్దీ మండకుండా పోయే గ్యాసు శాతం పెరుగుతుంది. రేవులో జరిగేది సరిగ్గా ఇదే. ప్రొపెల్లర్లు ఆగినా ఏసీలు, వంటశాలలు, లాండ్రీ ఆగవు. వాటికోసం ఇంజిన్ తక్కువ లోడులో గంటల తరబడి నడుస్తుంది. అందుకే తీరం నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు ఓడలో ఉందా, మీరు ఆగే రేవుల్లో ఆ సౌకర్యం ఉందా అన్నవి రెండూ అడగాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ప్రయోజనం లేదు. అలాస్కాలోని జూనోలో క్రూయిజ్ ఓడలకు ఇది 2001లోనే మొదలైంది. మయామిలో 2024లో వచ్చింది. బ్యాటరీలున్న ఓడ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే తక్కువ ఇంజిన్లను సరైన లోడులో నడపవచ్చు. నార్వేలో కట్టిన రోఆల్ అముండ్‌సెన్ 2019 నుంచి అలా తిరుగుతోంది.

ఓడ అడుగున గాలి బుడగలు వదిలి నీటి రాపిడి తగ్గించే పద్ధతి కూడా నాకు నచ్చుతుంది. నాగసాకిలో కట్టిన ఐడాప్రిమాలో అది ఉంది. ఆదా కొద్ది శాతమే, కానీ ఓడ కదిలినంత సేపూ వస్తూనే ఉంటుంది. ఫ్యూయల్ సెల్ (ఇంధనాన్ని మండించకుండా రసాయనిక చర్యతో కరెంటు తీసే పరికరం) గురించి ప్రకటన కనిపిస్తే ఎన్ని కిలోవాట్లో చూడండి. ఎంఎస్‌సీ వరల్డ్ యూరోపాలో పెట్టినది 150 కిలోవాట్లు. ప్రయోగంగా విలువైనదే, అంత పెద్ద ఓడ అవసరం ముందు చాలా చిన్నది. ఇక స్క్రబ్బర్, అంటే పొగలోని గంధకాన్ని నీటితో కడిగే పరికరం, ఉందంటే ఓపెన్ లూపా అని అడగండి. పొగను కడిగిన నీటిని సముద్రంలోకే వదిలే పద్ధతి అది. నేనైతే అలాంటి ఓడను ఎంచుకోను.

యూరప్ రేవులకు వెళ్లే పెద్ద ఓడల వార్షిక ఉద్గారాలు థెటిస్-ఎంఆర్‌వీ అనే బహిరంగ జాబితాలో ఐఎంఓ నంబరుతో దొరుకుతాయి. ఒకే పరిమాణం ఓడలను, ఒకే సంవత్సరం అంకెలతో పోల్చండి. కరీబియన్‌లోనే తిరిగే ఓడ అందులో ఉండదు. అప్పుడు బుకింగ్ కంటే ముందే కంపెనీకి ఈమెయిల్ రాయండి: మా ప్రయాణంలో ఏయే రేవుల్లో తీరం కరెంటు తీసుకుంటారు? మీథేన్‌ను కొలుస్తున్నారా? స్క్రబ్బర్ నీరు ఎక్కడికి పోతుంది? జవాబులో రేవుల పేర్లు, అంకెలు ఉంటేనే డబ్బు కట్టండి.