కందుల కేంద్రం నష్టపోకుండా, చిన్న రైతు నలగకుండా నడపడం ఎలా

మక్తల్, నారాయణపేట ప్రాంతంలో రైతులు కలిసి కందులు సేకరించి, పప్పు ఆడించి హైదరాబాదుకు పంపే కేంద్రం పెట్టుకోవాలనుకుంటే, గోదాము వెతకడానికి ముందే ఒక లెక్క వేసుకోవాలి. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8000 రూపాయలు. ఆ ధరకే కొన్నామని, ఆడించడానికి, సంచులకు, రవాణాకు మరో 900 అవుతుందని, 70 కిలోల పప్పు వచ్చిందని అనుకుందాం. జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెలకు 60,000 రూపాయలైతే, నెలకు 50 క్వింటాళ్లు ఆడించే కేంద్రానికి కిలో పప్పు 144 రూపాయలు పడుతుంది. అదే 200 క్వింటాళ్లు ఆడిస్తే 131కి దిగుతుంది. పొట్టు, నూక అమ్మితే వచ్చే డబ్బును ఈ లెక్కలో కలపలేదు. రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వాలన్న మన కోరిక తీరాలంటే ఆ డబ్బు ఈ 13 రూపాయల తేడాలోంచే రావాలి కనుక, ధర పెంచే ముందు సరుకు పెంచుకోవాలి.

సరుకు కోసం పెద్ద రైతుల వెంటే తిరగాలనే వాదన మాత్రం నాకు సమ్మతం కాదు. చెలకలో పండిన ఒక్క సంచి కందులను నెత్తిన పెట్టుకొని వచ్చిన ఆమెను తిప్పి పంపితే, ఆ సంచి దళారి కాంటా ఎక్కుతుంది, తరుగు పేరిట ఆమెకు రెండు కిలోలు పోతాయి. వారానికొక రోజు ఊరి రచ్చకట్ట దగ్గరే కాంటా పెట్టి, ఆమె కళ్ల ముందే తూచి, చిన్న మూటలన్నింటినీ ఒకే బండిలో ఎత్తితే రవాణా ఖర్చు చాలావరకు తగ్గుతుంది. మిగిలిన అదనపు భారాన్ని సేవా ఖర్చుగా విడిగా రాసి, దాని గరిష్ఠ పరిమితిని సీజనుకు ముందే సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకోవాలి. వ్యాపార ఖర్చులో కలిపేస్తే ఏ మంచి పనికి ఎంత పోయిందో ఎవరికీ తెలియదు.

హాస్టళ్లకు, దుకాణాలకు పప్పు అరువు ఇవ్వడంలోనూ ఇలాగే హద్దు ఉండాలి.

చెల్లింపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2002 కంపెనీల చట్ట సవరణతో వచ్చిన, రైతులే సభ్యులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీ పద్ధతిలో సరుకు విలువలో కొంత మొదట ఇచ్చి, మిగతాది నిలిపి ఉంచి తరువాత చెల్లించే వీలుంది. మిగులు ఉంటే, తెచ్చిన సరుకును బట్టి బోనస్ కూడా పంచవచ్చు. మొదటి చెల్లింపు మరీ తక్కువైతే, అప్పు తీర్చవలసిన రైతు మళ్లీ అడ్తిదారు దగ్గరికే వెళ్తాడు. అందుచేత మొదటి విడతలోనే అధిక భాగం చేతికి అందాలి, అదీ తూచిన రోజే. రెండో విడతను తొలకరికి ముందే ఇవ్వగలిగేలా పప్పు అమ్మకాలు ముగించుకోవాలి, ఎందుకంటే విత్తనాలకు, దుక్కికి డబ్బు అవసరమయ్యేది అప్పుడే.