బ్రాడ్‌హెడ్ ఎంత గట్టిదో ఇంట్లోనే తేల్చుకోవడం

అమెరికాలో విల్లుతో జింకల వేటకు వాడే బ్రాడ్‌హెడ్లు, అంటే బాణం కొసకు బిగించే బ్లేడ్లున్న ములుకులు, ఎక్కువగా మూడేసి చొప్పున ప్యాకెట్లో వస్తాయి. అందులో ఒకదాన్ని పరీక్షకు బలి ఇచ్చేయండి. మిగతా రెండింటిని ఎంతవరకు నమ్మొచ్చో అదే చెబుతుంది. (మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఇదంతా వేట లైసెన్సు ఇచ్చే చోట ఉన్నవాళ్ల కోసం.) పెరట్లో బాణం వేయడాన్ని ఒప్పుకోని ఊళ్లున్నాయి, ముందు ఆ సంగతి కనుక్కోండి.

బాణం వేయకముందే మూడు లెక్కలు రాసుకోవాలి. మొదటిది బరువు: 100 గ్రెయిన్ల ములికి దాదాపు 6.48 గ్రాములు తూగాలి. 0.01 గ్రాము వరకు చూపే నగల త్రాసు చాలు. రెండోది వంకర. బాణాన్ని రెండు బేరింగుల మీద పెట్టి తిప్పుతూ, మొన వెనక తెల్లకాగితం ఉంచి చూడండి. మొన ఊగితే తప్పు ములికిదే అనుకోకండి. అదే బాణానికి బ్లేడ్లు లేని మామూలు ములికి (ఫీల్డ్ పాయింట్) బిగించి తిప్పండి, అదీ ఊగితే వంకర కాడలోనో, ములికిని బిగించడానికి కాడ కొసలో ఉండే మరల ముక్క (ఇన్సర్ట్)లోనో ఉన్నట్టు. మూడోది పదును. చెక్క మీద రెండు మేకుల మధ్య రబ్బరు బ్యాండు సాగదీసి, వాదరను దాని మీద ఆనించండి. నొక్కకుండానే తెగాలి. ప్రతిసారీ అదే ప్యాకెట్లోని బ్యాండు, అదే మేకుల దూరం.

20 గజాల నుంచి వేయండి. మరీ దగ్గర నుంచి వేస్తే వింటిని వదిలిన బాణం ఇంకా అల్లాడుతూనే తగులుతుంది. కాడ విరుగుతుంది, నింద ములికి మీద పడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

మొదట బ్రాడ్‌హెడ్ ఫోమ్ టార్గెట్‌లోకి అదే ములికితో మూడు దెబ్బలు. ఇక్కడే బ్లేడు స్క్రూ వదులైతే, లేదా మెకానికల్ రకం (తగిలాకే బ్లేడ్లు విచ్చుకోవాల్సినది) గాల్లోనే విచ్చుకుంటే, పరీక్ష అక్కడితో ఆపేయొచ్చు.

తర్వాత అర అంగుళం ప్లైవుడ్‌ను ఫోమ్ ముందు క్లాంపులతో బిగించి, కణుపులు లేని చోట రెండు దెబ్బలు. మాంసం కొట్టు నుంచి ఎముక తెచ్చి కొట్టేవాళ్లున్నారు గానీ, ఏ రెండు ఎముకలూ ఒకేలా ఉండవు కాబట్టి రెండు రకాల ములుకుల్ని పోల్చడానికి అది పనికిరాదు. దిగిన బాణాన్ని పట్టుకుని లాగొద్దు. ఇన్సర్ట్ ఊడి ములికి చెక్కలోనే ఉండిపోతుంది. కాడను విప్పేసి, చేతికి గట్టి గ్లవ్ వేసుకుని, చుట్టూ చెక్కను ఉలితో చీల్చి తీయండి.

అసలు బలహీనత బయటపడేది ఏటవాలు దెబ్బలో. జంతువు భుజం ఎముకకు బాణం సరిగ్గా లంబంగా తగలడం అరుదు. అందుకే ప్లైవుడ్‌ను 45 డిగ్రీలు వంచండి. పైఅంచు మీవైపు వంగాలి, అప్పుడు జారిన బాణం నేలలోకి పోతుంది. అటువైపు వంచితే ఆకాశంలోకి ఎగురుతుంది. పక్కన ఎవరూ ఉండకూడదు. కాంక్రీటు ఇటుక మీద కొట్టే వీడియోలు చూడ్డానికి బాగుంటాయి, ఇంట్లో మాత్రం వద్దు. ముక్కలు ఎటు లేస్తాయో చెప్పలేం.

ప్రతి దెబ్బ తర్వాత తూకం తప్ప మిగతా రెండు పరీక్షలూ మళ్లీ చేయండి. తూకం చివర్లో చాలు, విరిగిన ముక్క ఎంతో అది చెబుతుంది. కార్బన్ కాడనైతే మెల్లగా వంచి, తిప్పుతూ, చిటపటలు వినిపిస్తే పారేయాలి. పగిలిన కాడను మళ్లీ ఎక్కుపెడితే చీలికలు చేతిలో దిగుతాయి.

వాదర మడత పడితే ఉక్కు మెత్తన. రాయి మీద సరిచేసుకోవచ్చు. పెచ్చు లేస్తే ఉక్కు మరీ పెళుసు. ఈ రెండింటిలో మడతే నయం, ఎందుకంటే విరిగిన ముక్క మాంసంలో మిగిలిపోతుంది. బ్లేడు మధ్య కిటికీల్లాంటి ఖాళీలున్న రకాలు తరచుగా ఆ కిటికీ మూల దగ్గరే విరుగుతాయి. బ్లేడ్లను పట్టి ఉంచే అల్యూమినియం నడిమి భాగం (ఫెర్రుల్) వంగితే దాన్ని తట్టి సరిచేసే ప్రయత్నం మానుకోండి. మెకానికల్లో బ్లేడు తిరిగే పిన్నును చూడండి: వంగిన పిన్ను మూసినప్పుడు బాగానే కనిపిస్తుంది, విచ్చుకునేటప్పుడు పట్టేస్తుంది.

చివరగా వెడల్పు కొలవండి. కొలరాడోలో వేట బ్రాడ్‌హెడ్ కనీసం 7/8 అంగుళం, అంటే సుమారు 22 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ కనీస కొలతకు దగ్గరగా ఉన్న ములికి బ్లేడు కొద్దిగా వంగినా ఆ కొలతకు దిగువన పడుతుంది.