ఉతికేటప్పుడు డ్రమ్ము కూడా తిరుగుతోందా? గేర్‌బాక్స్ మార్చే ముందు ఇవి చూడండి

బెల్టుతో నడిచే టాప్ లోడ్ వాషింగ్ మెషిన్ల సంగతి ఇది. ప్లగ్ తీసేశాకే కింద చెయ్యి పెట్టండి.

సమస్య: మోటర్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది, పల్సేటర్ (డ్రమ్ము అడుగున బట్టల్ని తిప్పే చక్రం) కదలట్లేదు.

ముందు బెల్టు. వదులైతే బిగించండి, పగుళ్లుంటే మార్చండి. పుల్లీ తిరుగుతున్నా పల్సేటర్ కదలకపోతే మధ్యలో ఉన్న స్క్రూ విప్పి పైకి లాగండి. షాఫ్ట్ కూర్చునే చోట పళ్లు అరిగి నున్నగా అయ్యాయా? కొత్త పల్సేటర్ వేస్తే చాలు. ఆ ఒక్క స్క్రూ విప్పకుండానే గేర్‌బాక్స్ పోయిందని తేల్చేస్తుంటే బాధేస్తుంది.

సమస్య: ఉతుకుతుంటే పల్సేటర్‌తో పాటు డ్రమ్మూ తిరుగుతోంది, మురికి వదలట్లేదు.

బాగా మోసం చేసేది ఇదే. ఉతికేటప్పుడు బ్రేక్ బ్యాండు డ్రమ్మును గట్టిగా పట్టుకుంటుంది. క్లచ్ (గేర్‌బాక్స్ అనేదీ దీన్నే) లోపలి చిన్న పళ్లచక్రాలు వేగం తగ్గించి, బలం పెంచి పల్సేటర్‌ను తిప్పుతాయి. స్పిన్‌కు వచ్చేసరికి డ్రెయిన్ మోటర్ ఒక్క లాగుడుతో రెండు పనులు చేస్తుంది: నీళ్లు పోయే వాల్వ్ తెరుస్తుంది, క్లచ్ లివర్‌నూ లాగుతుంది. బ్రేక్ వదులుతుంది, క్లచ్ స్ప్రింగ్ బిగుసుకుంటుంది, డ్రమ్మూ పల్సేటరూ ఒక్కటై నిమిషానికి దాదాపు 700 చుట్లు తిరుగుతాయి.

ఇప్పుడు ఆ వాల్వ్‌లో రూపాయి బిళ్లో, హెయిర్ పిన్నో, పీచు ఉండో అడ్డం పడిందనుకోండి. వాల్వ్ పూర్తిగా మూసుకోదు, లివర్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేక్ సగమే పడుతుంది. లోపల గేర్లు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. నీళ్లు బయటికి పోయే పైపు చివర బకెట్‌లో పెట్టి వాష్ నడపండి. సన్నగా నీళ్లు కారుతుంటే అనుమానమే అక్కర్లేదు. వాల్వ్ మూత విప్పి, లోపలి రబ్బరు తీసి, అది కూర్చునే అంచు దాకా వేలితో తడిమి శుభ్రం చేయండి. తర్వాత లివర్‌ను చేత్తో లాగి వదలండి. టక్కున వెనక్కి రావాలి. వదిలాక లివర్‌కూ, దాన్ని లాగే కడ్డీకీ మధ్య కాస్త సందు ఉండాలి. లేకపోతే అడ్జస్టింగ్ స్క్రూతో సర్దండి. ఇంత చేసినా డ్రమ్ము ఆగకపోతే బ్రేక్ బ్యాండు అరిగినట్టు, అప్పుడు క్లచ్ మార్చక తప్పదు.

సమస్య: స్పిన్ అవ్వట్లేదు.

నీళ్లు పూర్తిగా పోయాయా, మూత సరిగ్గా పడిందా, బట్టలన్నీ ఒకే పక్కకు చేరాయా చూడండి. అన్నీ బాగుండి లివర్ కదలకపోతే డ్రెయిన్ మోటర్ పోయి ఉండొచ్చు.

కింద నూనె మరకలు, తిరిగినప్పుడల్లా గరగర ఉంటే మాత్రం గేర్‌బాక్స్ నిజంగానే పోయినట్టు. ఎలకలు వైరు కొరకడం, బోర్డు కాలడం కూడా ఉంటాయి, వాటిని చివర్లో చూసుకోవచ్చు.