బ్యాంకాక్‌లో మూడు రోజులు: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానమైతే సుమారు మూడున్నర గంటల ప్రయాణం. మనవాళ్లు అర్ధరాత్రి ఎక్కి తెల్లారేసరికి దిగుతారు. నిద్ర లేకపోయినా ఆ పూటే గ్రాండ్ ప్యాలెస్‌కి పరుగెడతారు. ట్రిప్పు చెడేది అక్కడే. మొదటి రోజు పడుకోండి, సాయంత్రం నది ఒడ్డున తిరగండి. ప్యాలెస్ రెండో రోజు ఉదయానికే.

1. కాగితాలు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందే ఎంబసీ సైట్లో చూడండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. పైసా కట్టక్కర్లేదు, డబ్బులడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

2. బస. బీటీఎస్ రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే గది తీసుకోవాలి. నేనైతే సఫాన్ తాక్సిన్ స్టేషన్ దగ్గరే ఉంటాను, దాని కిందే సాతోన్ పడవల రేవు. చవగ్గా వస్తుందని ఖావోసాన్ రోడ్డులో దిగకండి. అటు మెట్రో లేదు, మిగిల్చిన డబ్బంతా ట్యాక్సీలకే పోతుంది.

3. సామాను. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు, సులువుగా విడిచే చెప్పులు, గొడుగు. చాలు.

4. ప్యాలెస్ ఉదయం. ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

గేట్లు తెరిచేది ఎనిమిదిన్నరకు. ఆ సమయానికే అక్కడుండాలి. పదయ్యేసరికి టూరు బస్సుల జనం దిగిపోతారు. సాతోన్‌లో నారింజ జెండా పడవెక్కి తా చాంగ్ రేవులో దిగండి. నీలం జెండాది టూరిస్టుల పడవ, ఖరీదెక్కువ. ట్యాక్సీ కంటే పడవ మేలని ఎన్నిసార్లయినా చెబుతాను. నీళ్లకు సిగ్నళ్లు లేవు, పైగా గాలి తగులుతుంది.

రేవు దాటగానే నీటుగా టక్ చేసుకున్న మనిషి ఎదురొస్తాడు. "ఈరోజు ప్యాలెస్ మూసేశారండీ, పండగ. మధ్యాహ్నం తెరుస్తారు. ఈలోపు ఇరవై బాట్లకే టుక్‌టుక్‌లో గుళ్లన్నీ చూసొస్తారా?" అంటాడు. మ్యాపు కూడా చూపిస్తాడు. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందే. మా చిన్నాన్న అలాగే వెళ్లి నీలం అని ఒక రాయి కొన్నారు. ఇంటికొచ్చి కంసాలికి చూపిస్తే గాజన్నాడు. ఆ పూట పోయింది, ప్యాలెస్ కూడా చూడలేదు.

కాబట్టి ముందురోజు రాత్రే ప్యాలెస్ అధికారిక సైట్లో సమయాలు చూసుకోండి. రాజకుటుంబ కార్యక్రమాలకు నిజంగానే మూసే రోజులుంటాయి. తెరిచి ఉందని తెలిశాక దారిలో ఎవరేమన్నా ఆగకండి, జవాబు కూడా చెప్పకండి. నా ఫ్రా లాన్ రోడ్డు మీది పెద్ద గేటు దాకా వెళ్లి కళ్లారా చూడండి. యూనిఫాం ఉన్నవాడి మాటైనా సరే, గేటు చూశాకే నమ్మాలి.

లోపల అందరూ మరకత బుద్ధుడి దగ్గరికి తోసుకుంటారు. మీరు ముందు ఆ గుడి చుట్టూ ఉన్న వసారాలోకి వెళ్లండి. 178 గోడచిత్రాల్లో రామాయణం ఉంది, వాళ్లు రామకియన్ అంటారు. జనకుడు నేల దున్నుతుంటే సీత దొరకడంతో మొదలవుతుంది. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, పిల్లలకు చూపిస్తూ కథ చెప్పండి. గంట పట్టినా తొందరపడొద్దు.

అక్కణ్నుంచి వాట్ ఫో గుడికి నడకే. 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూశాక పాదాల వైపు తప్పకుండా వెళ్లండి. అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో 108 మంగళచిహ్నాలు పొదిగారు. తర్వాత తా తియెన్ రేవులో పడవెక్కి నది దాటితే వాట్ అరుణ్ గుడి.

5. మూడో రోజు. శని, ఆదివారాలైతే చతుచక్ సంత, లేకపోతే మీ ఇష్టం.

శాకాహారులకు ఒక్క మాట. కూరగాయలదే అని ఇచ్చినా అందులో చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు వెతికి "జే" అని అడగండి. అక్కడ మాంసం, చేప, గుడ్డు ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.