వృక్షశాస్త్ర, భూసంరక్షణ చరిత్రలకు కాలక్రమ పట్టిక తయారుచేయడం ఎలా?

ఈ రెండు చరిత్రలనూ ఒకే పట్టికలో కూర్చదలచినవారు సాధారణంగా ప్రముఖుల పేర్లు పోగుచేయడంతో మొదలుపెడతారు. అయితే, గడిలో వేసే సంవత్సరం ఏ పనికి చెందినదో ముందే తేల్చుకోకపోతే పట్టిక ఎంత పొడవైనా నమ్మదగినది కాదు.

నాలుగు నిలువు వరుసలు గీయండి: సంవత్సరం, వ్యక్తి లేదా స్థలం, ఆ ఏడాది జరిగిన పని, దానివల్ల వచ్చిన మార్పు. మూడో వరుసలో ‘ప్రచురించారు’, ‘సంతకం చేశారు’ వంటి క్రియాపదం తప్పనిసరిగా ఉండాలి. ఉదాహరణకు, బఠాణీ మొక్కలపై తాను చేసిన ప్రయోగాలను గ్రెగర్ మెండెల్ బ్రనో నగరంలోని ఒక శాస్త్ర సంఘంలో చదివి వినిపించినది 1865లో, ఆ వ్యాసం అచ్చయినది 1866లో, శాస్త్రలోకం దాని విలువను గుర్తించినది 1900లో. అప్పటికి ఆయన మరణించి 16 ఏళ్లయింది. వీటిని ఒకే గడిలో కుక్కకుండా మూడు అడ్డవరుసలుగా రాయడమే మంచిది.

‘మొట్టమొదటి’ అన్న మాటను అనుమానించండి. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయపు వృక్షోద్యానం 1540లలో వృక్షశాస్త్రజ్ఞుడు లూకా గీనీ చొరవతో వెలసింది కానీ, తరువాత స్థలం మారింది. 1545లో ఏర్పడిన, ఇటలీలోనే ఉన్న పాడువా ఉద్యానం నేటికీ అక్కడే ఉంది. ఏది ముందన్నది మనం అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. భూసంరక్షణలోనూ ఇదే చిక్కు: యోసెమిటీ లోయను కాపాడేందుకు కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించే చట్టంపై లింకన్ 1864లో సంతకం చేశారు, యెల్లోస్టోన్ 1872లో జాతీయ ఉద్యానమైంది, యోసెమిటీకి ఆ హోదా 1890లో గానీ దక్కలేదు.

తేదీలు వేసేటప్పుడు కేలండర్ కూడా చూడాలి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పుట్టినరోజు నాటి స్వీడన్ కేలండర్‌లో 1707 మే 13, నేటి లెక్కలో మే 23. రెండింట్లో ఏది వాడినా పట్టిక అంతటా ఒకే పద్ధతి పాటించండి. మొక్కల శాస్త్రీయ నామాలకు ప్రారంభ బిందువుగా 1753 మే 1ని తీసుకోవడం మాత్రం వృక్షశాస్త్రజ్ఞులు కుదుర్చుకున్న ఒప్పందం కనుక, ఆ మాటను కూడా పక్కనే రాయండి.

నాలుగో వరుస నింపేటప్పుడు కారణాన్ని వదిలేయకండి. అమెరికాలో నేల కోతను అరికట్టే సంస్థకు హ్యూ బెనెట్ 1933లోనే అధిపతి అయ్యారు. 1935 ఏప్రిల్ 14న మైదానాలను భయంకరమైన దుమ్ము తుఫాను కమ్మేసింది, అదే నెల 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. ఈ మూడూ వరుసగా ఉంటేనే ఆ చట్టం అర్థమవుతుంది.

చివరగా, రచయితల పేర్లతోనే సరిపెట్టకండి. 1766లో మగవేషంలో ఓడెక్కి, ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు కొమెర్సన్‌కు సహాయకురాలిగా మొక్కలు సేకరించిన జాన్ బారే పేరు ప్రచురణల జాబితాలో దొరకదు. వంగ, టమాటాల ప్రజాతికి చెందిన ఒక మొక్కకు 2012లో ఆమె పేరు పెట్టారు. ఆమెకు ఆ రెండు సంవత్సరాలనూ కేటాయించండి.